పక్కటెముకలు విరిగినా పర్లేదు, నొక్కండి

రొయ్యల చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగాయంటే పంటంతా పోతుందన్న భయంతో తడి చేతులతోనే స్టార్టర్ బోర్డు దగ్గరికి పరిగెడతాం. నాకు షాక్ కొట్టింది అలాంటప్పుడే. గుండె ఆగింది. పక్క చెరువు కాపలా కుర్రాడికి సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కి రక్తం ఆడించే పద్ధతి, వచ్చు కాబట్టి బతికాను. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చెరువుల మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ అది వచ్చి ఉండాలని ఇది రాస్తున్నాను.

కరెంటు ఛాతీ గుండా పోతే గుండె చాలాసార్లు పూర్తిగా ఆగదు, లయ తప్పి ఊరికే వణుకుతుంది. రక్తం మాత్రం కదలదు. నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ వణుకు ఆపాలంటే డీఫిబ్రిలేటర్ అనే యంత్రంతో గుండెకు షాక్ ఇవ్వాలి. అది వచ్చేదాకా మెదడుకు రక్తం పంపేవి మన చేతులే. 108 ఎంత తొందరగా బయల్దేరినా మట్టి పుంత దాటి గట్టు మీదికి రావాలి కదా. అసలు ఛాతీ నొక్కే పద్ధతిని 1960లో లోకానికి చెప్పిన ముగ్గురిలో కౌవెన్‌హోవెన్ ఎలక్ట్రికల్ ఇంజనీరు. కరెంటు కొట్టి చనిపోతున్న లైన్‌మెన్‌లను ఎలా బతికించాలన్న పరిశోధనలోంచే అది పుట్టింది.

పడిపోయిన మనిషిని ముందు ముట్టుకోకండి. స్టార్టర్ ఆఫ్ బటన్ నొక్కితే చాలదు, దానికి వచ్చే వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. మెయిన్ దించాలి, లేదా ఫ్యూజులు పీకాలి. మనిషి నీళ్లలో ఉన్నా సరే, మెయిన్ దించకుండా దిగొద్దు. మెయిన్ అందకపోతే పొడి చోట నిలబడి, బాగా ఎండిన కర్రతోనో పీవీసీ పైపుతోనో తీగను పక్కకు నెట్టాలి. పచ్చి వెదురు, తడిసిన కర్ర పనికిరావు. తెగి పడింది 11 కేవీ (11 వేల వోల్టుల) లైను అయితే ఏ కర్రా కాపాడదు. దూరంగా ఉండి సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేయడమే.

తర్వాత భుజాలు తట్టి గట్టిగా పిలవండి. ఛాతీ లేస్తోందా అని పది సెకన్లకు మించకుండా చూడండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. గుండె ఆగిన మనిషి మొదటి కొన్ని నిమిషాలు నోరు తెరిచి, ఆగి ఆగి గురకలా ఎగబీలుస్తాడు. "ఊపిరి ఉందిరా, నీళ్లు చల్లండి" అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. అది ఊపిరి కాదు. పలకని మనిషి అలా ఎగబీలుస్తుంటే వెంటనే నొక్కడం మొదలుపెట్టాలి. 108కి చేసి ఫోన్ స్పీకర్‌లో పెట్టండి. ఒకరిని టార్చితో రోడ్డు మీదికి పంపండి.

మంచం మీద, బురదలో నొక్కితే బలమంతా కిందికే పోతుంది. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద అరచేతి మడమ (మణికట్టు దగ్గరి గట్టి భాగం) ఆనించి, రెండో చేయి దానిపై వేసి, మోచేతులు వంచకుండా నడుము బలంతో నొక్కాలి. లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు. వేగం నిమిషానికి 100 నుంచి 120. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం నిండదు. రెండు నిమిషాలకే లోతు తగ్గిపోతుంది, మనకు తెలియదు కూడా. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. నోటితో ఊపిరి ఇవ్వడం వస్తే 30 నొక్కులకు రెండు, రాకపోతే ఆపకుండా నొక్కడమే. కాలవలో మునిగినవాళ్లకు మాత్రం లోపించింది ఊపిరే కాబట్టి ముందు ఊపిరి ఇవ్వాలి. కాళ్లు పట్టి గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం వద్దే వద్దు. పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎముక విరుగుతుందని చాలామంది మెల్లగా నొక్కుతారు. నావి విరిగాయి. దగ్గితే ప్రాణం పోయినట్టుండేది. దిండు గుండెలకు హత్తుకుని దగ్గడం, వాలుగా కూర్చునే నిద్రపోవడం, నెమ్ము చేరకుండా స్పైరోమీటర్ అనే గొట్టం పరికరంలో బంతులు పైకి లేచేలా గాలి పీల్చడం నర్సులు నేర్పారు. విరిగిన ఎముక వారాల్లో అతుక్కుంది. నన్ను ఎక్కువ కాలం పీడించింది మతిమరుపు. మేత ఎంత వేయమన్నానో మరుక్షణం గుర్తుండేది కాదు, పుస్తకంలో రాసుకునేవాణ్ణి. అరచేతిలో కాలింది చిన్న మచ్చే, లోపల కండ మాత్రం చాలా దెబ్బతింది. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చింది. కండలోంచి వచ్చే ఆ పదార్థం కిడ్నీలను చెడగొడుతుందని సెలైన్లు ఎక్కించారు. అందుకే కరెంటు కొట్టి లేచి నడిచినవాళ్లను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించాలి.

బోర్డుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తానే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. మాటిమాటికీ పడిపోతోందని దాన్ని తీసేస్తారు. పడిపోతోందంటే ఎక్కడో కేబుల్ లీకవుతోందని, ముందు దాన్ని మార్చాలి. సీపీఆర్ మాత్రం వీడియో చూస్తే రాదు, 5 సెంటీమీటర్లు ఎంతో బొమ్మను నొక్కితేనే చేతికి తెలుస్తుంది. రెడ్‌క్రాస్ వాళ్లు ప్రథమ చికిత్స శిక్షణ ఇస్తారు. చెరువులో రొయ్య పిల్ల వదిలే ముందే కాపలావాళ్లందరినీ ఒక పూట కూర్చోబెట్టి నేర్పించండి, మెయిన్ ఎక్కడుందో చీకట్లో తడిమి దించేలా చేయించండి.