పల్చటి రేకుకి టాకులే దిక్కు

విశాఖలో పాత కారు ఉంచుకున్నవాళ్లకి తుప్పు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పెదవాల్తేరులో మా ఇంటి ముందున్న ప్రీమియర్ పద్మినికి పైన పెయింటు బాగానే మెరుస్తుంది, డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మాత్రం కింద నేల కనిపిస్తుంది. అలాంటిచోట పుట్టీ పూసి రంగు కొట్టడమంటే తుప్పుకి దుప్పటి కప్పడమే.

తుప్పు పట్టిన రేకు కోసేసి, ఆ చోట కొత్త ముక్క వెల్డింగ్ చెయ్యాలి. కోసేటప్పుడు పిసినారితనం పనికిరాదు. మెరిసే ఇనుము తగిలేదాకా గ్రైండర్ వెళ్లాలి, ఎందుకంటే తుప్పు తినేసిన అంచుకి ఆర్క్, అంటే వెల్డింగ్ మెరుపు, తగిలీ తగలగానే చిల్లు పడుతుంది, దాన్ని పూడ్చబోతే ఇంకా పెద్దదవుతుంది. కారు రేకు చాలాచోట్ల ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. గేట్లు, గ్రిల్స్ చేసే రాడ్ మెషిన్‌తో దీని జోలికి వెళ్లొద్దు. మిగ్, అంటే సన్న వైరు తనంతట తానే బయటికొచ్చే వెల్డింగ్ మెషిన్, కావాలి, 0.6 లేదా 0.8 మిల్లీమీటర్ల వైరు, ఆర్గాన్‌లో 20-25 శాతం కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు.

ఇక గీతలా ఆపకుండా వెల్డింగ్ లాగే ఆలోచనే మానేయండి. ఒక టాక్, అంటే చుక్కంత వెల్డింగ్, వేసి, జానెడు అవతల ఇంకోటి, తర్వాత ఎదురు మూలన ఇంకోటి, ఇలా తిరిగి మొదటిదాని పక్కకి వచ్చేసరికి అది చేత్తో ముట్టుకునేంత చల్లారి ఉండాలి. తొందరపడితే వేడికి సాగిన రేకు చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, ప్యానెల్ వంకర్లు పోతుంది, సుత్తి పట్టుకుని కూర్చోవడం మన వంతు. చిల్లు పడేలా ఉంటే వెనక రాగి ముక్క ఆనించండి, వేడిని లాగేస్తుంది, వైరు దానికి అతుక్కోదు.

మన ఊళ్లో అసలు తలనొప్పి సముద్రపు గాలి. టాక్‌కి గాలి తగలకుండా కాపాడే గ్యాసుని అలా తోసేస్తుంది, టాక్ మీద సూది బెజ్జాలు లేస్తాయి. అందుకే గాలి తక్కువున్న పొద్దున్నే పని, ఫ్యాన్ కూడా ఆపేసి! మే నెలలో తోలు గ్లౌజులు, ఒళ్లంతా కప్పే చొక్కా వేసుకుని ఇది చెయ్యడం ఎలా ఉంటుందో వేరే చెప్పాలా. అలాగని తలుపులన్నీ మూసేయకండి, జింకు పూత ఉన్న రేకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, ఆ పూత ముందే గీకేయాలి. బ్యాటరీ తీగలు విప్పడం, కార్పెట్ పీకేయడం, పెట్రోల్ పైపు ఎటు పోతోందో చూడటం ఎలాగూ తప్పవు.

ఒక పని మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. పద్మినికి విడిగా చాసిస్ లేదు, బరువంతా బాడీయే మోస్తుంది. ఫ్లోర్‌లో ప్యాచ్ వరకు మనం వేసుకోవచ్చు, సస్పెన్షన్ బోల్టులు బిగించేచోట తుప్పు పట్టిందంటే బండిని గాజువాక ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి తోలడమే.