కీళ్ళ పాఠం నాకు వంటింట్లో అర్థమైంది

రైల్వే గ్రూప్-డి పరీక్షకు తెలుగులో సిద్ధమవుతున్న మిత్రులారా, వంద ప్రశ్నల్లో 25 జనరల్ సైన్స్‌వే. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. అందుకే కీళ్ళను తేలిగ్గా తీసుకోవద్దని చెబుతున్నాను.

ఒక నమూనా పరీక్షలో ‘అరచేతిని పైకీ కిందికీ తిప్పడానికి తోడ్పడే కీలు ఏది?’ అని అడిగారు. మోచేయి గుర్తొచ్చి ‘మడత బందు కీలు’ (తలుపు బందులా ఒకే వైపు ముడుచుకునేది) అని పెట్టాను. తప్పు. చెన్నై కొట్టూర్‌పురంలోని అణ్ణా శతాబ్ది గ్రంథాలయంలో, సొంత పుస్తకాలు చదువుకునే హాల్లో, మోచేతిని బల్లకు ఆనించి చేయి తిప్పి చూశాను. మోచేయి ముడుచుకోనే లేదు. ముంజేతిలో ఉండే రెండు ఎముకల్లో, చిటికెనవేలి వైపున్న అరత్ని పక్కనే బొటనవేలి వైపున్న రత్ని తిరుగుతోంది. అది బొంగరపు కీలు, అంటే ఇరుసు మీద తిరిగినట్టు తిరిగేది! ఆ పూటతో కీళ్ళ రకాల పట్టిక బట్టీ పట్టడం మానేశాను.

మృదులాస్థి, అంటే ఎముక కంటే మెత్తగా ఉండే కణజాలం, దాని సంగతి మాత్రం ఇంట్లో తెలిసింది. ఎముకల సూపు కోసం తెచ్చిన మేక మోకాలి ముక్కను అమ్మ కడుగుతోంది. ఎముక కొన నీలం కలిసిన తెలుపుతో నిగనిగలాడుతోంది. వేలు పెడితే జారింది, గోటితో నొక్కితే కాస్త లొంగింది. పుస్తకంలో దీని పేరు కాచాభ మృదులాస్థి. కాచం అంటే గాజు కదా! ఆ మెరుపు చూశాక ఇక ఆ పేరు మరిచిపోలేదు. చెవి డొప్పను మడిచి వదిలితే యథాస్థితికి వస్తుంది, అది స్థితిస్థాపక రకం. వెన్నుపూసల మధ్య బిళ్ళలు తంతుయుత (గట్టి నారలున్న) రకం, బరువు మోసేవి.

కారణం అడిగే ప్రశ్నలకు ఒక విషయం బాగా పట్టుకోండి. మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. కీళ్ళలోని మృదులాస్థికి పోషకాలు ప్రధానంగా సంధి ద్రవం (కీలు లోపలి జారుడు ద్రవం) నుంచే ఊరి రావాలి. దెబ్బ తగిలితే సులువుగా మానకపోవడానికి అదే ముఖ్య కారణం.

మెడ పైభాగంలో గుర్తుంచుకోవాల్సిన కీళ్ళు రెండు, జాగ్రత్త. ఔనని తల ఊపితే పుర్రెకూ మొదటి వెన్నుపూసకూ మధ్య కీలు కదులుతుంది. కాదని అడ్డంగా తిప్పితే మొదటి, రెండో వెన్నుపూసల మధ్య బొంగరపు కీలు తిరుగుతుంది. పుర్రె పైభాగంలోని అతుకులు కదలనివి, దవడ కదిలేది. ఇంతకంటే అక్కడ పెద్దగా ఏమీ లేదు.

ఇప్పుడు రైల్లో పైనున్న పిడిని పట్టుకున్నప్పుడల్లా నాకిది పునశ్చరణే: భుజం బంతి గిన్నె కీలు, మోచేయి మడత బందు, పిడిని చుట్టి పట్టిన బొటనవేలి మొదట్లో జీను ఆకారపు కీలు.