వెలిగొండల్లో మంట: గాలి మళ్లే వేళ

ఫిబ్రవరిలో ఆకు రాలడం మొదలైతే ఉదయగిరి, రాపూరు కొండల నుంచి గిద్దలూరు వైపు నల్లమల దాకా నేలంతా ఎండుటాకు, బోదగడ్డే. ఇక్కడ మంట ఎక్కువగా నేలమీదే పాకుతుంది, చెట్ల కొమ్మలకు ఎక్కడం అరుదు. అందుకే పచ్చి కొమ్మలతో, ఆకులు ఊదే బ్లోయర్లతో అదుపు చేయొచ్చు. ఫైరింజను ఎటూ కొండెక్కదు.

కొమ్మతో బాదకూడదు. నిప్పురవ్వలు ఎగిరి వెనక గడ్డికి అంటుకుంటాయి. మంట మీద అదిమి, కాలిన వైపుకే ఈడవాలి. బ్లోయర్‌తోనూ అంతే: ఆకును కాలిన వైపుకే తోయాలి. మంట నడుమెత్తు దాటితే బ్లోయర్ ఆపేయండి, అది కొలిమితిత్తి అవుతుంది.

అసలు చిక్కు గాలితోనే. మే నెలలో పొద్దున పడమటి వడగాలి. మధ్యాహ్నం తర్వాత సముద్రపు గాలి లోపలిదాకా వచ్చిన రోజున దిశ తిరగబడుతుంది. అప్పటిదాకా పక్కన నెమ్మదిగా కాలుతున్న అంచే ముందుకు దూకుతుంది. ఆ వేళ వాలు పైభాగాన మనుషుల్ని నిలబెట్టడం తెలివితక్కువ పని. వాలు పది డిగ్రీలు పెరిగితే పైకెక్కే మంట వేగం దాదాపు రెట్టింపు. తెల్లవారుజామున, గాలి పడిపోయి తేమ ఉన్నప్పుడే పని ముగించాలి.

శాటిలైట్ అలర్టునే నమ్ముకోవద్దు. ఉపగ్రహంలో ఉండి మంటల వేడిని పసిగట్టే విఐఐఆర్ఎస్ పరికరం చూపే ఒక్కో చుక్క 375 మీటర్లది, ఉపగ్రహం పైనుంచి దాటేది సుమారు మధ్యాహ్నం ఒకటిన్నరకు, మళ్లీ రాత్రి ఒకటిన్నరకు. మూడింటికి అంటుకున్న మంట రాత్రికి గానీ కనబడదు. ఈలోగా పశువుల కాపరి ఫోనే దిక్కు.

ఆరిందనుకున్నాక ఎండు మొద్దులు తిరగేసి మట్టి కప్పండి. మర్నాటి గాలికి మళ్లీ రాజుకునేది వాటినుంచే.