గుర్రాల కొట్టమే నయం

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో నేను హౌస్‌కీపింగ్ చేసే హోటల్ ఒకప్పటి గుర్రబ్బళ్ల సత్రం. గెస్టులు రాగానే తలెత్తి నల్లటి ఓక్ దూలాలు చూస్తారు. మా చూపంతా నేల మీదే. పై అంతస్తు ఒక పక్కకి ఒరిగిపోయింది. బ్రేక్ వెయ్యడం మరిస్తే టవళ్ల ట్రాలీ దానంతటదే మెట్ల వైపు బయల్దేరుతుంది. మంచాలకి ఒకవైపు కాళ్ల కింద చెక్కముక్కలు పెట్టి ఎత్తు సరిచేశారు. ఊడ్చేటప్పుడు అవి కదిలితే రాత్రికి ఫోనొస్తుంది.

లిఫ్ట్ లేదు. ఇది లిస్టెడ్ బిల్డింగ్, అంటే చట్టం కాపాడే పాత కట్టడం. అనుమతి లేకుండా గోడ కొట్టినా, పాత కిటికీ మార్చినా నేరమే. మంచి చట్టమే, కాదనను. కానీ ఉతికిన దుప్పట్ల మూటలు ఆ ఇరుకు మెట్ల మీద మోసేది మా నడుములు.

ఇలాంటి కట్టడం ఎందుకిలా ఉందో నాకు స్టామ్‌ఫర్డ్‌లో జార్జ్ హోటల్ చూశాక అర్థమైంది. లండన్ నుంచి ఉత్తరానికి పోయే పాత గ్రేట్ నార్త్ రోడ్డు మీద ఉంది. దాని బోర్డు వీధికి అడ్డంగా, ఉరికంబంలా నిలబడి ఉంటుంది. దారిదోపిడీ దొంగలకు అది హెచ్చరిక అని చెబుతారు. ప్రధాన భాగం 1597లో మొదటి ఎలిజబెత్ రాణి మంత్రి లార్డ్ బర్లీ కట్టించాడు. ముందు భాగంలోనే రెండు తలుపులు, ఒకదాని మీద ‘లండన్’, ఇంకోదాని మీద ‘యార్క్’ అని ఉంటుంది. మన బస్టాండ్ ప్లాట్‌ఫారం బోర్డుల్లాంటివే. రోజుకి అటు 20, ఇటు 20 కోచ్‌లు, అంటే ప్రయాణికుల గుర్రబ్బళ్లు, నడిచిన రోజుల్లో, గుర్రాలు మార్చేలోగా ప్రయాణికులు ఆ గదుల్లో కూర్చునేవాళ్లు. తర్వాత ప్రధాన రైలు మార్గం స్టామ్‌ఫర్డ్‌ని వదిలేసి పక్కనున్న పీటర్‌బరో ఊరి మీదుగా పోయింది, కోచ్‌లు మూలనపడ్డాయి.

మా హోటల్‌కీ వీధి వైపు పెద్ద కమాను ఉంది. పైన మనుషులు, సామాను ఉన్న కోచ్ నేరుగా లోపలి వాకిట్లోకి వచ్చేంత ఎత్తు. వాకిలి చుట్టూ ఉన్న గుర్రాల కొట్టాలని ఇప్పుడు గదులు చేశారు. నేల చదును, తలుపు వెడల్పు. గుర్రం పట్టే తలుపులో ట్రాలీ పట్టదా!

గెస్టులు మాత్రం ఎక్కువ డబ్బిచ్చి మరీ పైనున్న ఒరిగిపోయిన గదులే అడుగుతారు. నన్నడిగితే కొట్టమే తీసుకోండి అంటా. కానీ హౌస్‌కీపింగ్ వాళ్లని అడిగి రూమ్ బుక్ చేసేదెవరు?