పెదనాన్నకి సెలవు

న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర, ఆన్‌లైన్ షాపింగ్ సైట్లకు సెర్చ్ తయారుచేసే ఉద్యోగం నాది. ఎవరైనా 'ఫుట్‌వేర్' అని కొడితే శాండల్స్ కూడా రావాలి. శాండల్ ఒక రకం షూ అనీ, షూ ఒక రకం ఫుట్‌వేర్ అనీ కంప్యూటర్‌కి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ వారం దానికోసమే వర్డ్‌నెట్ అనే ఇంగ్లీషు మాటల డేటాబేస్ ముందేసుకుని కూర్చున్నాను. మాకు దగ్గర్లోనే ఉన్న ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో జార్జ్ మిల్లర్ అనే సైకాలజీ ప్రొఫెసర్ 1985లో మొదలుపెట్టిన పని అది.

ఒకే అర్థానికి వాడే మాటలన్నీ అందులో ఒక గుంపు. దాన్ని సిన్‌సెట్ అంటారు. అలాంటివి 1,17,000 దాకా ఉన్నాయి. 'బ్యాంక్' ఏటి గట్టు గుంపులో ఒకసారి, డబ్బు దాచుకునే చోటు గుంపులో ఇంకోసారి కనిపిస్తుంది. ఇది దానిలో ఒక రకం, ఇది దానిలో ఒక భాగం అంటూ గుంపుల మధ్య దారాలు కట్టారు. వ్యతిరేకార్థానికి మాత్రం ఆ దారం నేరుగా మాటకే కడతారు. అది నాకు ఎంతో నచ్చింది. మనం జననమరణాలు అంటాం, చావుపుట్టుకలు అంటాం. చావన్నా మరణమన్నా ఒకటే, కానీ జననం పక్కన చావుని పెట్టి చూడండి, చెవికి ఒప్పదు.

బుధవారం తెల్లవారుజామున తెనాలి నుంచి ఫోన్. పెదనాన్న పోయారు.

నాన్న లారీ మీద ఊళ్లు తిరుగుతుంటే నన్ను బళ్లో వేసింది ఆయనే. తండ్రి సంతకం అని ఉన్నచోట వణుకుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది ఆయనే. ఆఫీసులో సెలవు ఫారంలో తండ్రి ఉన్నాడు, తాత ఉన్నాడు, పెదనాన్నకి చోటు లేదు. "అంకుల్‌కి వేరే సెలవు లేదు, మీ వెకేషన్ వాడుకోండి" అంది హెచ్‌ఆర్ ఆవిడ, మెల్లగానే.

ఎయిర్‌పోర్టులో నిద్ర పట్టక వర్డ్‌నెట్ తెరిచి చూశాను. ఫాదర్ పైన పేరెంట్. అంకుల్ పైన ఉత్త బంధువు. అమ్మ సోదరుడైనా, నాన్న సోదరుడైనా, ఆంటీ భర్త అయినా అక్కడ అంకులే. ఇంగ్లీషుకి అది సరైన లెక్కే. మన పెదనాన్నలో మాత్రం నాన్న ఉన్నాడు.

మన తెలుగు వర్డ్‌నెట్‌ని ఐఐటీ బాంబే వాళ్ల హిందీ గుంపుల ఆధారంగా కుప్పం ద్రవిడ విశ్వవిద్యాలయంలో తయారుచేశారు. హిందీలో తావూ వేరు, చాచా వేరు, మామా వేరు. ఆ దారి పట్టడమే మంచిదయిందని నాకనిపిస్తుంది. లేకపోతే పెదనాన్న, బాబాయి, మేనమామ అందరినీ అంకుల్ అనే ఒక్క గదిలో కుక్కాల్సి వచ్చేది.

ఇంటికి చేరాక పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు.

"ఎన్నాళ్లు సెలవిచ్చార్రా నాన్నా?"

"అయిదు రోజులు పెద్దమ్మా."

"పెదనాన్న పోయారని చెప్పావా?"

"చెప్పాను."