నల్లరాతి గోడల మధ్య ద్రాక్షతోట

అట్లాంటిక్ మధ్యలోని అజోర్స్ దీవుల్లో ఒకటైన పీకోకు వెళ్లాను. పోర్చుగల్‌కు చెందిన ఈ దీవిలో లాజిడో అనే సముద్రతీర గ్రామం ఉంది. ద్రాక్షతోట అనగానే మనకు పందిళ్లు గుర్తొస్తాయి కదా, ఇక్కడ పందిరి లేదు, మట్టి కూడా దాదాపు లేదు. గడ్డకట్టిన లావా పగుళ్లలోనే తీగలు నాటారు. సున్నం, సిమెంటు ఏమీ లేకుండా నల్లరాళ్లు పేర్చి, కొన్ని తీగలకొక చిన్న గదిలా గోడలు కట్టారు. అవి ఉప్పుగాలిని ఆపుతాయి, పగటి ఎండను దాచుకుని రాత్రి తీగలకు వేడినిస్తాయి. నిజం చెప్పాలంటే, వైన్ కంటే ఆ గోడలే నాకు ఎక్కువ నచ్చాయి.

ఒడ్డున రాతిలో చెక్కిన వాలు బాటలున్నాయి. వైన్ పీపాలను పడవల దాకా దొర్లించింది వాటి మీదుగానే. ఎద్దుబండ్ల చక్రాలు లావాలో గాడులు వేశాయి. ఎన్ని బండ్లు తిరిగితే రాయి అరిగి ఉంటుందో!

15వ శతాబ్దం నాటి ఈ సాగును 19వ శతాబ్దంలో తెగుళ్లు దెబ్బతీశాయి. 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు పాత గోడలను మళ్లీ శుభ్రం చేసి సాగు చేస్తున్నారు. వెళ్లేవాళ్లు మాత్రం గట్టి బూట్లు వేసుకోండి, ఆ రాయి చాలా గరుకు.