కుక్క పట్టిన పుంజు

మా పుంజును వీధికుక్క వీపు మీద పట్టింది. అమ్మ కట్టె తీసుకుని ఉరికితే వదిలేసి పోయింది. నేను వచ్చేసరికి వాకిలంతా ఎర్ర ఈకలు. జామచెట్టు మొదట్లో అది కళ్లు మూసుకుని ముడుచుకుని కూర్చుంది. పక్కింటి పెద్దబాపు చూసి, "ఇగ బతకది బిడ్డా, పానముండంగనే కోసెయ్యి" అన్నాడు. మా వర్ధన్నపేట దిక్కు ఊళ్లల్లో దెబ్బతిన్న కోడికి జరిగేది అదే, ఆయనను అనేదేం లేదు. కానీ గద్ద నీడ పడితే ముందు పెట్టలను హెచ్చరించి, అన్నీ చెట్టు కిందికి చేరాక తాను దాక్కునే పుంజు ఇది. నాకు చేతులు రాలేదు.

మామునూరు పశువైద్య కళాశాలలో చదువుతున్న మా చిన్నమ్మ కొడుకుకు ఫోన్ చేశాను. "అక్కా, ముందుగాల రొమ్ము అదిమి పట్టకు" అన్నాడు. కోడికి మనకున్నట్టు డయాఫ్రం, అంటే ఊపిరితిత్తుల కింద ఊపిరి ఆడించే కండర పొర, ఉండదు. రొమ్ము ఎముక కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. పారిపోతుందేమోనని గట్టిగా పట్టుకుంటే మన చేతుల్లోనే ప్రాణం పోతుంది. పాత చీర ముక్కలో వదులుగా చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. తల మీద చీర కొంగు కప్పగానే కొట్టుకోవడం ఆపింది. చీకట్లో కోడి నెమ్మదిస్తుంది.

గాయం చుట్టూ ఈకలను పీకకుండా కత్తెరతో కత్తిరించాం. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజితో మట్టి పోయేదాకా కడిగాం. తర్వాత బాగా పలుచన చేసిన పోవిడోన్ అయోడిన్, అంటే పుండ్లలో క్రిములను చంపే మందు, పెట్టాం. అమ్మ ఇంట్లో ఉన్న నొప్పి మలాం తెచ్చింది కానీ తమ్ముడు వద్దన్నాడు. మనుషులకు తిమ్మిరెక్కించే బెంజోకైన్ లాంటి మందులు పక్షులకు విషమయ్యే ప్రమాదం ఉంది.

ఊరి పశువుల దవాఖానలో డాక్టరు యాంటీబయాటిక్ సూది, నొప్పికి మందు ఇచ్చారు. మందు ఒంట్లోంచి పోయేదాకా కోసుకుని తినొద్దని గట్టిగా చెప్పారు. కోసెయ్యమన్న వాళ్లందరికీ ఆ మాటే చెప్పి నోరు మూయించాను.

నేను నిజంగా భయపడ్డది మర్నాడు. వీపు మీద చర్మం పూరీలా ఉబ్బింది. ముట్టుకుంటే లోపల గాలి కరకరలాడుతోంది. చీము అనుకున్నాను. కాదట. పక్షి ఒంట్లో ఊపిరితిత్తులకు తోడు గాలి తిత్తులు కూడా ఉంటాయి. కుక్క పన్ను వాటిలో ఒకదాని దాకా దిగింది, అక్కడి గాలి చర్మం కిందికి చేరుతోంది. డాక్టరు సన్న సూదితో గాలి తీశారు. మళ్లీ ఉబ్బింది, మళ్లీ తీశారు. లోపలి చిల్లు మానితే దానంతట అదే ఆగుతుందన్నారు. అట్లనే ఆగింది.

ముసురు రోజులు. ఈగలు వాలి గుడ్లు పెడితే పుండులో పురుగులు పడతాయి. అందుకే ఇంట్లోనే గంప కింద కమ్మి, మీద దోమతెర కప్పాం. మిగతా కోళ్లకు దూరంగా ఉంచడానికి ఇంకో కారణం కూడా ఉంది: ఎర్రగా కనిపించిన చోట కోళ్లు పొడుస్తాయి, ఆగవు. కోడి ఒళ్లు మామూలుగానే 41 డిగ్రీల పైన వేడిగా ఉంటుంది, దెబ్బకు చల్లబడితే కోలుకోదు. గంపకు ఒక పక్క బల్బు వేలాడదీసి, వేడెక్కితే జరగడానికి రెండో పక్క వదిలేశాం.

తిండి ముట్టలేదు. నీళ్లు గొంతులో పోయకూడదు. నాలుక వెనకే గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది, నీళ్లు అటు పోతే అంతే. ముక్కు అంచు మీద ఒక్కో చుక్క పెడితే తానే మింగింది. పొద్దున లేవగానే నేను చూసేది మూడే: రెట్ట రంగు, జుట్టు ఎరుపు, మెడ కింది మేత సంచి. రాత్రి నిండిన సంచి తెల్లారేసరికి ఖాళీ అయితే కడుపు నడుస్తున్నట్టే. ఉడికిన గుడ్డు చిదిపి పెట్టిన రోజు గబగబా పొడుచుకు తింది. అమ్మ "తిన్నది, తిన్నది" అని పెద్దబాపుకు వినబడేలా అరిచింది.

పుండు అంచుల నుంచి లోపలికి మానుతూ వచ్చింది. కుక్క వేళ్లతో సహా పీకేసిన చోట కొత్త ఈకలు గుబురుగా మొలిచాయి. సగం విరిగినవి, మేం కత్తిరించినవి మాత్రం అట్లనే మొండిగా ఉన్నాయి, అవి ఈకలు రాలే కాలం వస్తేనే మారతాయి.

ఈలోపు చిన్న పుంజు పెట్టలను తన వెంట తిప్పుకుంటోంది. నేరుగా వదిలితే చంపేస్తుంది. నడుమ జాలీ కట్టి, ఒకదానికొకటి కనిపించేలా కొన్నాళ్లు ఉంచి, ఒక సాయంత్రం గూట్లో కలిపాం. పొద్దున కాసేపు మెడలు నిక్కించి కొట్లాడుకున్నాయి. మాది వెనక్కి తగ్గింది. ఇప్పుడు ముసలి పెట్టలు రెండింటితో పెంటకుప్ప దగ్గర తిరుగుతుంది, దాని కూత మాత్రం తగ్గలేదు.

మేడారం జాతరకు అమ్మ మొక్కింది ఈ పుంజునే. మొన్న నేనడగకుండానే తానే అన్నది, "ఈసారి తల్లికి బెల్లమే పెడుదాం, దీన్ని ఉండనియ్యి."